ఎదురేగినవారు

పెండ్లివారు ఊరి పొలిమేర చేరినప్పుడు మేళతాళములతో ఎదురేగి తోడ్కొని వచ్చుట తెలుగువారి ఆచారము. చుట్టము వచ్చువరకు అరుగుమీద కూర్చుండుట మర్యాద కాదు. నాలుగడుగులు ముందుకు నడచి, వారి చేతిలోని మూట అందుకొని, కాళ్ళకు నీళ్ళిచ్చుట మర్యాద. 1942వ సంవత్సరమున భారతదేశపు ఈశాన్య సరిహద్దులో కొందరు ఈ మర్యాదను మేళతాళములు లేకుండ నెరవేర్చిరి. వారు ఎదురేగినది పెండ్లివారికి కాదు. యుద్ధము వాతబడకుండ తప్పించుకొని, అడవులలో ఆకలితో నడచి వచ్చుచున్న కాందిశీకులకు.

1931వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము బర్మా దేశములో సుమారు పది లక్షలమంది భారతీయులుండిరి. రంగూను నగర జనములో సగమునకు మించి వారే. వారిలో తెలుగువారును లెక్కకు తక్కువ కారు. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములలోని పేదలు పొగయోడలెక్కి, బంగాళాఖాతము దాటి, బ్రతుకుతెరువు వెదకుకొనుచు రంగూనుకు పోవుచుండిరి. ఉత్తరాంధ్ర పల్లెలలో ఆ నగరమును ‘రంగము’ అనెడివారు. రేవులో మూటలు దింపుట, బియ్యపు మరలలో పనిచేయుట, రిక్షాలు లాగుట వారి పనులు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరునుబట్టి అచ్చట తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరు కలిగెను.

1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు రంగూనుపై బాంబులు కురిపించెను. మరల 25వ తేదీన అవి వచ్చెను. జనులు వేలకొలది మరణించిరి. రేవులో మూటలు మోయువారు మూటలను అచ్చటనే విడిచి, పిల్లలను భుజములపై వేసికొని, నగరము వెలుపలికి పరుగెత్తిరి. 1942 మార్చి 8వ తేదీన జపాను సేనలు రంగూనులో ప్రవేశించెను. అంతటితో సముద్రపు దారి మూతపడెను. అంతకుముందే ఓడలలో చోటు దొరకినవారు కలకత్తా, మదరాసు మొదలగు రేవులు చేరిరి. విమానములలో చోటు దొరకినవారు కొద్దిమంది. తక్కినవారికి మిగిలినవి తమ కాళ్ళు మాత్రమే.

భారతదేశమునకును బర్మాకును నడుమ పెద్ద కొండలును, మహారణ్యములును గలవు. ఆ కాలమున వానిగుండ రెండు దేశములను కలుపు మంచి బాట ఒక్కటియు లేదు. కొందరు ఆరకాను కొండలు దాటి, సముద్రతీరమువెంట చిట్టగాంగు వైపు నడచిరి. కొందరు చింద్విను నది దాటి, తాము, పాలేలు గ్రామముల మీదుగ మణిపూరులోని ఇంఫాలు చేరిరి. మరికొందరు ఇంకను ఉత్తరమునకు పోయి, హుకాంగు లోయలో నడచి, పాంగ్సావు కనుమ దాటి, అస్సాములోని లీడో రైలు స్టేషను చేరవలెనని బయలుదేరిరి. ఏ దారిని పోయినను ముళ్ళు, జలగలు, మలేరియా జ్వరము, కలరా వెంటనే యుండెను. దారిలో కొనుటకు ధాన్యము లేదు. చేత డబ్బున్నను లేకున్నను ఆకలి ఒక్కటే.

ఆకలి ఒక్కటియైనను ఆదరణ ఒక్కటి కాలేదు. నాటి ప్రభుత్వమువారి ఏర్పాటులలో తెల్లవారికి మేలైన దారి, మేలైన వసతి దొరకుచుండెననియు, నల్లవారు కష్టమైన దారిని పోవలసివచ్చుచున్నదనియు గొప్ప ఆందోళన కలిగెను. భారత నాయకులు దీనిని తీవ్రముగ ఖండించిరి. ప్రాణభయమున పరుగెత్తు మనుష్యులలో సయితము రంగును చూచి తారతమ్యము చేయుట ఆ ప్రభుత్వమునకు మాయని మచ్చ యయ్యెను.

ఇట్టి సమయమున కాందిశీకులకు తోడ్పడుటకై ప్రభుత్వము అస్సాములోని తేయాకు తోటలవారిని అర్థించెను. వారికి ‘ఇండియన్ టీ అసోసియేషన్’ అను సంఘము కలదు. యుద్ధము చేయుట వారి వృత్తి కాదు; వైద్యము వారి వృత్తి కాదు. కాని వారికి కొండలలో బాటలు వేయుట తెలియును; వేలమందికి దినదినము తిండి అమర్చుట తెలియును; లారీలును, ఏనుగులును, పలుగులును, పారలును వారియొద్ద కలవు. తోటల మేనేజర్లు కొందరు ఈ పనికి ముందుకు వచ్చిరి. వారివెంట తోటపనివారు వేలకొలది కదలిరి. ఆ పనివారిలో పెక్కుమంది పూర్వులు చోటానాగపూరు, ఒరిస్సా ప్రాంతములనుండి తేయాకు తోటలకు వలస వచ్చినవారు. విశాఖ, గంజాము ప్రాంతములనుండి పోయిన తెలుగు కుటుంబములును ఆ తోటలలో కలవు. పొట్టకూటికై ఇల్లు విడిచిన ఒక తరమువారి బిడ్డలు, ఇల్లు కోల్పోయి వచ్చుచున్న మరియొక జనమునకు ఎదురేగిరి.

వారు మొదట తెలిసికొనిన సత్యమొకటి కలదు. కాందిశీకులను వెలుపలికి తెచ్చుటకు ముందు బియ్యమును లోపలికి పంపవలెను. ఇది వినుటకు సులభము, చేయుటకు కష్టము. ఒక బలవంతుడు 25 కిలోల బియ్యము మోయగలడనుకొందము. కొండదారిని నడచు మనిషి దినమునకు ఒక కిలో తినును. అయిదు దినముల దూరము పోయి మరల వచ్చుటకు అతనికే పది కిలోలు కావలెను. అచ్చట అతడు దింపగలిగినది పదునైదు కిలోలు. పది దినముల దూరమైనచో అయిదు కిలోలు మాత్రమే దింపును. పండ్రెండు దినముల దూరమైనచో ఒక్క కిలో. పదుమూడవ దినపు మజిలీకి పోయినచో అతడే కాందిశీకుడగును!

కావున బియ్యపు బస్తాలకు ముందుగ బాట పోవలెను. బాటవెంట మజిలీలు వెలయవలెను. ఒక దినపు నడకకు ఒక మజిలీ చొప్పున వెదురు గుడిసెలు కట్టి, ఆకులు కప్పి, పొయ్యిలు పెట్టిరి. ఒక్కొక్క మజిలీలో బియ్యము, ఉప్పు, పప్పు, తేయాకు, చక్కెర, క్వినైను మాత్రలు నిలువచేసిరి. మొదటి మజిలీలోని సామాను రెండవదానికి, రెండవదానిలోనిది మూడవదానికి, ఇట్లు చేయి మారుచు బియ్యము ముందుకు సాగెను. కొండజాతులవారు వీపున గంపలు కట్టుకొని ఏటవాలు దారులలో బరువులు మోసిరి. దారి తెలిసినవారు వారే. ఏ వాగు ఎప్పుడు పొంగునో తెలిసినవారును వారే.

మణిపూరు దారిలో లారీలు చేసిన సేవ గొప్పది. దిమాపూరు రైలు స్టేషనునుండి కొహిమా 46 మైళ్ళు. కొహిమానుండి ఇంఫాలు 88 మైళ్ళు. ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క లోయ. ఆ యిరుకు దారిని లారీలు సైన్యమునకును, మజిలీలకును కావలసిన సామగ్రితో పైకి పోవుచుండెను. కాందిశీకులతో నిండి క్రిందికి దిగుచుండెను. వట్టి లారీ వెనుకకు పోరాదను ఈ చిన్న నియమమే ఎందరో వృద్ధులకును, గర్భవతులకును, పసిబిడ్డలకును 134 మైళ్ళ నడక తప్పించెను.

మజిలీ చేరినవారికి సేవచేయుటయు అనుభవముతో నేర్చుకొనవలసిన విద్యయే. పెక్కుదినములు ఉపవాసమున్నవానికి కడుపునిండ అన్నము పెట్టుట దయగ తోచును. కాని అది వాని ప్రాణమునకే ముప్పు. మొదట వేడి తేనీరు, పిదప గంజి, ఆ పిదప కొంచెము అన్నము. చేతులు చాచి ఏడ్చు మనిషికి ‘ఇప్పుడింతే’ అని చెప్పి కూర్చుండబెట్టుటకు కఠినమైన హృదయము కాదు, తెలివిగల దయ కావలెను. త్రాగు నీటిని కాచుట, మలమూత్రములకు దూరముగ గోతులు త్రవ్వుట, కలరా సోకినవారిని వేరుగ నుంచుట, దిక్కులేని శవములకు అంత్యక్రియలు చేయుట, ఇవి యెవరును పొగడని పనులు. ఈ పనులు నిలిచిననాడు మజిలీయే మృత్యువునకు నిలయమగును.

మే నెలలో మూడు విపత్తులు ఒక్కటిగ వచ్చిపడెను. మే 8వ తేదీన ఉత్తర బర్మాలోని మిచ్చినా పట్టణము జపానువారి వశమయ్యెను. కాందిశీకులను తెచ్చు విమానములకు ఆధారమైన మైదానము దానితో పోయెను. మే 10వ తేదీన ఇంఫాలు మీద బాంబులు పడెను. అంతలో ఋతుపవనము విరుచుకొనిపడెను. మిచ్చినాలో విమానమునకై వేచియున్న వేలాదిజనులు గత్యంతరము లేక హుకాంగు లోయలోనికి నడచిరి. బాట బురదయయ్యెను, వాగులు నదులయ్యెను. నిన్న మోకాటిలోతున దాటిన నీరు నేడు మనిషిని ముంచుచుండెను. అవతలి యొడ్డున ఆకలి, ఇవతలి యొడ్డున అన్నము, నడుమ నీరు. ఇట్లు వారములు గడచుచుండెను.

మనుష్యులు చేరలేని చోట విమానములు బియ్యము జారవిడిచెను. ఎత్తునుండి పడిన బస్తా పగిలి గింజలు బురదపాలగును. అందుచేత ఒక సంచిలో బియ్యము పోసి, దానిని వదులుగ మరియొక పెద్ద సంచిలో నుంచి కుట్టుదురు. లోని సంచి పగిలినను వెలుపలి సంచి గింజలను పట్టియుంచును. ఒక గోనెసంచి తెలివిగ వాడిన మాత్రమున ఎందరి ప్రాణములో నిలిచినవి!

ఈ కష్టకాలమున జరిగిన సాహసములలో దఫా నది కథ ప్రసిద్ధమైనది. గైల్స్ మేక్‌రెల్ అనునాతడు తేయాకు తోటల వ్యాపారములో నుండిన ఆంగ్లేయుడు. అప్పటికి అతని వయస్సు 53 సంవత్సరములు. మొదటి ప్రపంచయుద్ధమున అతడు విమానము నడపిన వీరుడు. 1942లో అతడు ఏనుగులతో సామగ్రి చేరవేయు పనిని చూచుచుండెను. జూను 4వ తేదీన అతనికి ఒక వార్త చేరెను. చౌకాను అను మరియొక కనుమ మీదుగ బయలుదేరిన కొందరు, వరదలో నున్న దఫా నదికి ఆవల చిక్కుకొని ఆకలితో చచ్చుచున్నారని దాని సారాంశము. ఆ కనుమ దారిలో మజిలీలు లేవు, ఊళ్ళు లేవు, వానకాలమున దానిని దాటుట అసాధ్యమని అందరు నెరుగుదురు.

మేక్‌రెల్ ఏనుగులను, మావటివాండ్రను, బియ్యమును కూర్చుకొని బయలుదేరెను. సుమారు నూరు మైళ్ళు అడవిలో పయనించి జూను 9వ తేదీన దఫా నది చేరెను. నది నడుమ ఒక చిన్న లంక. ఆ లంకలో 68 మంది సైనికులు చిక్కుకొనియుండిరి. చుట్టును వరద. ఆ దినమంతయు మావటివాండ్రు ఏనుగులను నీటిలోనికి తోలిచూచిరి. ఏనుగువంటి జంతువు సయితము ఆ వడికి నిలువలేక వెనుకకు మరలెను. చీకటి పడెను. లంకలోనివారు ఆవల, అన్నము తెచ్చినవారు ఈవల రాత్రియంతయు గడపిరి.

మరునాడు వేకువజామున నీరు కొంచెము తీసెను. ఆ అవకాశము ఎంతసేపుండునో ఎవరును ఎరుగరు. మావటివాండ్రు జాగుచేయలేదు. రంగ్‌డాట్ అను ఏనుగు వరదకు ఎదురొడ్డి లంక చేరెను. బియ్యము మోసిన వీపుపై ఇప్పుడు మనుష్యులెక్కిరి. నీరు మరల పెరుగకముందే 68 మందియు ఒడ్డు చేరిరి.

అంతటితో మేక్‌రెల్ తన పని ముగిసినదనుకొనలేదు. వెనుక ఇంకను జనులు కలరని విని ఆ నదీతీరముననే మజిలీ నెలకొల్పెను. కొంతకాలమునకు అతనికి జ్వరము వచ్చి అస్సామునకు మరలవలసివచ్చెను. వానలలో ఇంకను ప్రయత్నించుట ప్రాణాపాయకరమనియు, మానుకొనుమనియు పైవారు ఆజ్ఞాపించిరి. అతడు వినలేదు. కోలుకొనినంతనే పడవలతోను, క్రొత్త తోడ్పాటుతోను మరల అడవిలో ప్రవేశించెను. సెప్టెంబరు నాటికి సుమారు 200 మంది ఆ దారిని సురక్షితముగ చేరిరి. వారిలో సైనికులు, రైల్వే ఉద్యోగులు, ఒక పసిబిడ్డతో కూడిన కుటుంబము కలరు. 1943లో బ్రిటిషు ప్రభుత్వము మేక్‌రెల్‌కు జార్జి పతకము నొసగెను. అతడు వ్రాసికొనిన దినచర్యయు, తీసిన చలనచిత్రమును కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో భద్రముగ నున్నవి.

ఆ పతకము యోగ్యునికే దక్కినది. కాని ఒక్క విషయము మరువరాదు. ఏనుగుమీద కూర్చుండి దానిని వరదలోనికి నడపినవాడు మావటి. నీటిలో పడినచో మొదట పోవునది అతని ప్రాణము. మజిలీకి బియ్యము మోసినవాడు, కలరా రోగిని ఎత్తి పండబెట్టినవాడు, కొండచరియ విరిగిపడిన చోట మరల బాట త్రవ్వినవాడు, వీరిలో పెక్కుర పేర్లు చరిత్రలో కెక్కలేదు. వారందరును తమంతతాము కోరివచ్చినవారనియు చెప్పజాలము. కూలికై వచ్చినవారుండిరి, మేనేజరు ఆజ్ఞకు లోబడి వచ్చినవారుండిరి. అయినను భయము నలుదిక్కుల వ్యాపించిననాడు, అందరును వెనుకకు పరుగెత్తు దారిలో వారు తలపై బియ్యముతో ముందుకు నడచిరి. కూలి వారి చేతులను కొనవచ్చును గాని, రోగి నోటిలో తేనీరు పోయునప్పుడు వణకకుండ నిలిచిన చేతిని కొనజాలదు.

దిమాపూరు, లీడో స్టేషనులు చేరినవారు రైళ్ళెక్కి స్వదేశపు లోపలికి సాగిరి. కలకత్తాలో మార్వాడీ రిలీఫ్ సొసైటీ, రామకృష్ణ మిషన్ వంటి సంస్థలు వారికి అన్నవస్త్రములిచ్చి ఆదరించెను. అచ్చటనుండి తెలుగువారు హౌరా రైలులో విజయనగరము, వాల్తేరు, రాజమహేంద్రవరము దిక్కుగ పయనించిరి. యుద్ధము వారికన్న ముందే వారి యింటికిని వచ్చెను. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను జపాను విమానములు బాంబులు వేసెను. తీరమందలి జనులు పల్లెలకు తరలిపోవుచుండిరి. రంగమునుండి వచ్చినవారికి ఆ దృశ్యము క్రొత్తది కాదు.

ఆ సంవత్సరమున నాలుగు లక్షలకు మించినవారు బర్మానుండి భారతదేశము చేరిరని అంచనా. దారిలో మరణించినవారు పదివేలకొలది. ఇంత పెద్ద విపత్తులో స్వచ్ఛంద సేవకులు అందరిని కాపాడలేకపోయిరి. అది వారికిని తెలియును. నిన్న రావలసిన బియ్యము నేడు వచ్చినచో ఒక్క దినములో ఎందరు పోవుదురో చూచినవారు వారే. అందుచేతనే వారు మజిలీలో కూర్చుండి వచ్చినవారికి పెట్టుదమని యనుకొనక, ఇంకొక మజిలీ ముందుకు, ఇంకొక వాగు ఆవలికి పోయిరి. ఇంటి వాకిట దానము చేయువాడు మంచివాడు. రాలేనివానికై ఎదురేగువాడు అంతకన్న మంచివాడు. ఆనాటి అడవిదారులలో ఎందరి బ్రతుకులనో నిలిపినవి ఆ నాలుగడుగులే.

ప్రశ్నలు

1. 1942లో బర్మానుండి భారతదేశమునకు కాందిశీకులు నడచివచ్చిన దారులేవి? వానిలోని కష్టములను వివరింపుము.

2. కాందిశీకులను తెచ్చుటకు ముందు బియ్యమును లోపలికి పంపవలెననుటకు కారణమేమి? మజిలీలు ఏల అవసరమయ్యెను?

3. ‘తెలివిగల దయ’ అనగా నేమి? పాఠమునుండి ఉదాహరణమిమ్ము.

4. దఫా నది వృత్తాంతమును నీ మాటలలో వ్రాయుము. మావటివాండ్ర పాత్రను ప్రత్యేకముగ పేర్కొనుము.